మన పెరటి నేల మంచిది

మార్తా,

బాగున్నావా? నువ్వు వెళ్లిపోయి ఇవాళ్టికి ఆరు నెలలు. ఈస్టరు దాటిన వారం వెళ్లావు, ఇప్పుడు దసరా సెలవులు కూడా అయిపోయి పిల్లలు మళ్లీ బళ్లకు పోతున్నారు. ఉత్తరం రాద్దామని ఎన్నిసార్లు కూర్చున్నానో... నువ్వు ఎదురుగా ఉన్నప్పుడే రెండు ముక్కలు సరిగ్గా మాట్లాడలేనివాణ్ణి, ఇప్పుడేం రాస్తానని లేచిపోయేవాణ్ణి. ఇవాళ మాత్రం రాయాలి. నీకు చెప్పాల్సింది ఒకటుంది. చెప్పాల్సింది కూడా కాదు, అడగాల్సింది.

ముందు కోళ్ల సంగతి చెప్పేస్తాను. అది చెప్పకపోతే మిగతాది నువ్వు చదవవని నాకు తెలుసు. పదకొండూ ఉన్నాయి. పుంజుగాడు ఇంకా పొగరుగానే ఉన్నాడు, రోజూ నా పంచె అంచు పట్టుకుని లాగుతాడు. చుక్కల పెట్ట సంగతి చివర్లో చెబుతాను, తొందరపడకు.

పెద్దాసుపత్రిలో ఆ మంచం మీద నువ్వు నా చెయ్యి పట్టుకుని ఏమన్నావో గుర్తుందా? సుగుణను చూసుకోమనలేదు. మందులు వేసుకోమని కూడా అనలేదు. "నా పెట్టల్ని అమ్మీయకయ్యా" అన్నావు. అమ్మనని మాటిచ్చాను. కన్న కూతురి కంటే కోళ్లే ఎక్కువా నీకు అని అప్పుడు కాస్త కోపం కూడా వచ్చింది. ఇప్పుడు తెలుస్తోంది, సుగుణకు మొగుడున్నాడు, ఉద్యోగం ఉంది. కోళ్లకు నువ్వు తప్ప ఎవరున్నారు? నాకు మాత్రం ఎవరున్నారు? నన్ను వాటికీ, వాటిని నాకూ అప్పజెప్పి వెళ్లావని అనుకుంటాను.

మొదటి నెల చాలా అవమానం జరిగింది నాకు. రేవులో ముప్పై ఏళ్లు ఓడ సరుకులెత్తే వించి నడిపినవాణ్ణి, చెయ్యి ఇలా ఊపితే టన్నుల బరువు లేచేది. ఇక్కడ తవుడు ముద్ద పట్టుకుని గంటసేపు పిలిచినా ఒక్క కోడి మొహం తిప్పలేదు. చివరికి నువ్వు కొట్టే ఆ సొట్ట మూత తీసి గరిటెతో కొట్టాను. పదకొండూ పరుగెత్తుకొచ్చాయి, నన్ను చూసి ఆగిపోయాయి. నీ కోసం వెతికాయి మార్తా... నిజం, నా వెనక తలుపు వైపు చూశాయి. ఆ రోజు నేను అన్నం తినలేదు.

తర్వాత అలవాటు పడ్డాయి. నేనూ పడ్డాను. గుడ్లు తీసేటప్పుడు నీ మాటే వినిపించేది. "ఓడలు దించినోడివి, ఒక్క గుడ్డు జాగర్తగా దించలేవేటి?" అనేదానివి కదా. ఇప్పుడు దించగలుగుతున్నాను. నెలకు ఒకటో రెండో పగులుతాయి, అంతే.

వేసవి అలా గడిచింది. ఆపైన వానలు మొదలయ్యాయి.

ఈసారి వానలు నీకు ఎలా చెప్పాలి? ఆగస్టు నుంచి మొదలుపెడితే ఆకాశానికి మూత పెట్టినవాడు లేడు. మన వన్ టౌన్ సందుల్లో రిక్షాలు తోసుకుంటూ నడవాల్సి వచ్చింది. ఓడల్లోకి ఎక్కించే ఇనుప ఖనిజం దుమ్ము ఉందే, ఎండాకాలమంతా మన పెరట్లో పేరుకున్నది, అది నీళ్లలో కలిసి కోళ్ల దడి మొత్తం ఎర్ర బురద అయిపోయింది. చీలమండ దాకా దిగబడే బురద. తెల్ల పెట్ట ఏదో, గోధుమ రంగు పెట్ట ఏదో నాకు తెలిసేది కాదు.

నాకు ఆశ్చర్యంగా ఉండేది. మన పెరట్లో నీళ్లు నిలవడమేమిటి? పదేళ్లుగా వచ్చినవాడికల్లా నేనే చెప్పేవాణ్ణి కదా... "మన పెరటి నేల మంచిదండీ, ఎంత వాన పడినా చుక్క నిలవదు" అని. పక్కింటి నూకాలమ్మ పెరట్లో పడవ నడిపేంత నీళ్లున్నప్పుడు కూడా మన కోళ్లు పొడినేల మీద గెలుక్కునేవి. నేను మీసం మెలేసేవాణ్ణి. నువ్వు గుమ్మంలో కూర్చుని నూకలు చెరుగుతూ నవ్వేదానివి. ఆ నవ్వు సంగతి తర్వాత రాస్తాను.

బురదతో కోళ్ల కాళ్లు పాడయ్యాయి. వేళ్ల మధ్య మట్టి ఉండలు కట్టి, అవి గట్టిపడి, పాపం కుంటడం మొదలుపెట్టాయి. లాగితే గోరు ఊడి వస్తుందని నూకాలమ్మ చెప్పింది. రోజూ సాయంత్రం గోరువెచ్చని నీళ్లు బేసినులో పోసుకుని ఒక్కొక్కదాన్నీ ఒళ్లో పెట్టుకుని కాళ్లు నానబెట్టేవాణ్ణి. ఈస్టరు ముందు పవిత్ర గురువారం నాడు చర్చిలో ఫాదర్ గారు పన్నెండు మంది కాళ్లు కడుగుతారు. నాకు పదకొండు మందే, కానీ రోజూ. ముప్పై ఏళ్ల కాపురంలో నీ కాళ్లకు ఒక్కసారి చెంబెడు నీళ్లు పోశానా? నీ కోళ్లకు చేశాను. నువ్వు చూసి ఉంటే ఎంత నవ్వేదానివో...

ఒకరోజు పొద్దున్న గూడు తలుపు తీయబోయి జారిపడ్డాను. కంగారు పడకు, ఎడమ మణికట్టు బెణికింది, అంతే. కానీ ఆ మర్నాడే ఆదివారం. పూజ అయ్యాక సుగుణ వచ్చింది. చేతి కట్టు చూసింది, పెరటి బురద చూసింది, వాసన చూసింది. నీ కూతురు కదా, కోపం వస్తే నీ మొహమే.

"నాన్నా, నువ్వు పడి కాలిరిగితే ఎవలు సూత్తారు? వచ్చే ఆదివారం దాకా సూత్తాను. బురద ఇలాగే ఉంటే కోళ్లు సంతకెళ్లిపోతాయి, నువ్వు నాతో గాజువాక వచ్చీయాలి" అంది.

అల్లుడికి స్టీలు ప్లాంటు పనుల్లో వెల్డింగు కదా, అక్కడ అద్దె ఇల్లు తీసుకున్నారు, మంచి ఇల్లే. నాకొక మంచం వేస్తారు, వేళకి అన్నం పెడతారు. పిల్ల తప్పుగా ఏమీ అనలేదు. కానీ నీకిచ్చిన మాట ఏమవుతుంది? వారం రోజులు. వారంలో పెరడు ఆరాలి.

ఇక్కడ నీ మొగుడి తెలివితేటలు చెప్పాలి. రేవులో ఓడ డెక్కు మీద నూనె పడి జారుతుంటే మేమేం చేసేవాళ్లం? ఇసుక చల్లేవాళ్లం. ముప్పై ఏళ్లు జారినచోటల్లా ఇసుక చల్లాను, ఒక్కడూ పడలేదు. మరి ఇసుకకు కరువా మనకు? సోమవారం రిక్షా మాట్లాడుకుని సముద్రం ఒడ్డుకు పోయాను. పన్నెండు బస్తాలు. రిక్షా అతని సాయంతో దడి నిండా బెత్తెడు మందం పరిచాను. ఎంత బాగుందో! ఎర్ర బురద కనపడకుండా పోయింది, ముగ్గుపిండి పోసినట్టు మెరిసింది. కోళ్లు దాని మీద దొరసానుల్లా నడిచాయి. నేను వీధరుగు మీద కూర్చుని, ఇంత చిన్న పనికి ఆడవాళ్లు ఎంత హడావిడి చేస్తారో అనుకున్నాను. క్షమించు. అనుకున్నాను మరి.

మంగళవారం వాన లేదు. అయినా ఇసుక తడిగానే ఉంది. బుధవారమూ వాన లేదు, ఇసుక ఇంకా చెమ్మెక్కింది. ముసురు రోజుల్లో ఉప్పు జాడీలో ఉప్పు నీరవుతుంది చూడు, అలా. పైగా కోళ్లు ఆ ఇసుక గింజలు తిన్నాయి, దాహంతో కుండెడు నీళ్లు పూటకే ఖాళీ చేశాయి, నీళ్లలా రెట్టలు వేశాయి. పైనుంచి తడి, కింద నుంచి తడి, మధ్యలో కోళ్ల తడి. వాసన సందు చివరి దాకా పోయింది.

నూకాలమ్మ గోడ మీంచి తల పెట్టింది. ఎప్పటి నుంచి చూస్తోందో తెలీదు.

"ఏటన్నయ్యా, ఉప్పిసక తెచ్చి ఎండమంటే ఎండుతాదేటి? సముద్రం కాడిది సముద్రంలాగే ఉంటాది, ఎంత తాగినా దాహం తీరదు దానికి. సేపలోలం మాకు తెలీదేటి, ఒక్క మాట అడగాల గదా" అంది.

అడగను కదా నేను. ఎప్పుడైనా ఎవరినైనా అడిగానా? ఆడవాళ్లను అసలు అడిగానా? "అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయేటి?" అనేదానివి నువ్వు.

గురువారం పొద్దున్నే పార పట్టుకున్నాను. వేసినదంతా తీయాలి. ఒక చేత్తోనే పని. పాపం, నూకాలమ్మే కొంగు బిగించి తట్టలు మోసింది. సందులో గుంటలున్నాయి కదా, వాటిలో పోసింది. తవ్వుతుంటే ఇసుకతో పాటు కింది బురద కూడా వచ్చేది. ఎలాగూ తీస్తున్నాం, బురద కూడా తీసేద్దామని లోతుకు పోయాను.

జామచెట్టు వైపు మూల, మూరెడు లోతులో, పార ఖంగుమంది.

రాయి అనుకున్నాను. చేత్తో తుడిచాను. పెంకు. పక్కన ఇంకొకటి. దాని పక్కన ఇంకొకటి. విడిగా పడి ఉన్నవి కాదు మార్తా. ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కించి, కప్పు నేసినట్టు నేసి ఉన్నాయి. కాకపోతే బోర్లా కాదు, వెల్లకిలా. గూడు గుమ్మం దగ్గర మొదలై, కొద్దికొద్దిగా వాలుతూ, గోడ మూల దాకా.

మన ఇంటి పెంకులే. గాలివాన వచ్చిన ఏడు కప్పు ఎగిరిపోతే నేను రేకులు వేయించాను. పగిలిన బంగళా పెంకులు పెరట్లో గుట్టగా ఉంటే, బండికెత్తి పారేయిస్తానన్నాను. "ఉండనీ, దేనికో ఒకందుకు పనికొత్తాయి" అన్నావు. కొన్నాళ్లకు గుట్ట కనపడలేదు. ఎవరో పట్టుకుపోయారనుకున్నాను. నేను పగలు రేవులో ఉన్నప్పుడు నువ్వు పెరడంతా తవ్వి, ఒక్కొక్క పెంకూ పరిచి, పైన మళ్లీ మన్ను కప్పావా? ఒక్కదానివేనా? ఎన్నాళ్లు పట్టింది?

పెంకుల వరస పట్టుకుని గోడ దాకా తవ్వాను. అక్కడ నీ పగిలిన రోలు. ఎందుకో ఆ మూల నుంచి దాన్ని కదపనిచ్చేదానివి కాదు. జరిపాను. దాని వెనక, గోడ అడుగున, ఇటుకంత కన్నం. అవతల వీధి కాలువ. కన్నంలో కొబ్బరి పీచు ఉండ గట్టిగా కూరి ఉంది. దానికి గోనె ముక్క చుట్టి, గుడ్డ పేలికతో కట్టి ఉంది. ఆ పేలిక నీ ఆకుపచ్చ చీర అంచు. సుగుణ పెళ్లిలో కట్టుకున్నావే, అది.

పీచు ఉండ పట్టి లాగాను.

నెలా పదిహేను రోజుల నుంచి నేల కింద దాక్కున్న నీళ్లన్నీ గుటకలేస్తూ కదిలాయి. ఎర్రగా, నురగలు కక్కుతూ, నీ పెంకుల మీద జారుకుంటూ కన్నంలోంచి కాలువలోకి పోయాయి. నేను ఆ బురదలోనే కూలబడ్డాను. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. నూకాలమ్మ తట్ట కింద పెట్టి, వాళ్లింట్లోకి పోయి టీ పెట్టుకొచ్చింది.

అప్పుడు అర్థమైంది. ఏటా మొదటి మబ్బు పట్టగానే నువ్వు చీర ఎగదోపుకుని ఆ మూలకు పోయేదానివి. నేను టీ తాగుతూ, "కోళ్లతో ఆడుకోడానికి ఇదే దొరికిందా, జలుబు చేస్తుంది రా" అని అరిచేవాణ్ణి. "వానొచ్చాక గొడుగు కొంటావేటి?" అనేదానివి. వానలు వెలిసి నేల ఎండాక పాములు, పందికొక్కులు దూరకుండా మళ్లీ పీచు పెట్టేదానివి. కిందటి జనవరిలో కూడా పెట్టావు, ఆ తర్వాతే నువ్వు మంచం పట్టావు. ఈ ఏడు తీసేవాళ్లు లేరు. నేల చెడిపోలేదు, మార్తా. తీసే చెయ్యి లేకపోయింది.

ఇప్పుడు నేను అడగాల్సింది అడుగుతాను. ఎందుకు చెప్పలేదు? పదేళ్లు నేను "మన నేల మంచిది" అని ఊరంతా చాటుతుంటే, నీ రెక్కల కష్టాన్ని మట్టికి కట్టబెడుతుంటే, ఒక్కసారైనా "నేల కాదయ్యా, నాను" అనొచ్చు కదా? లేక చెప్పావా... నేను రేడియోలో వార్తలు వింటూ ఊఁ కొట్టానా? ఆ నూకలు చెరుగుతూ నవ్వింది అందుకేనా?

శుక్రవారం ప్యాసింజరెక్కి ఎలమంచిలి పోయాను. నేల ఊడ్చి కడిగినట్టయింది, పైన పరవడానికి ఊక కావాలి. నువ్వు ఏటా తెచ్చేదానివని అంతవరకే గుర్తు. రైసు మిల్లు దగ్గర మీ తమ్ముడు దానియేలు నన్ను చూసి బిత్తరపోయాడు. "ఊకకి నువ్వొచ్చావేటి బావా! ఏటా అక్క గదా వచ్చీది" అన్నాడు. అనేసి, తల పక్కకు తిప్పుకున్నాడు. పెంకుల సంగతి చెబితే వాడికేమీ ఆశ్చర్యం లేదు. మీ నాన్న పశువుల సాలలో ఇలాగే పరిచేవాడట, నువ్వు చిన్నప్పుడు పెంకులు అందించేదానివట. వాడికి తెలుసు, నూకాలమ్మకు కూడా సగం తెలుసేమో. నాకు తప్ప అందరికీ తెలుసు.

మూడు బస్తాల ఊక రైల్లో ఎక్కించి, దిగాక మొయ్యడానికని స్టేషన్లో వాడే నా నెత్తిన తలగుడ్డ చుట్టాడు. శనివారం పొద్దున్న పరిచాను. పెంకులు నేను కదపలేదు, పైన పాత మన్నే పల్చగా కప్పి, దాని మీద ఊక. గూటి ముందర సరుగుడు ఆకు ఎండుది వేశాను. అది నూకాలమ్మ ఇచ్చింది, ఈసారి అడిగే తీసుకున్నాను.

శనివారం సాయంత్రం కుండపోత. గుమ్మంలో నీ పీట మీద కూర్చుని, ఒక గంట అలా చూస్తూ ఉండిపోయాను. వాన పడుతూనే ఉంది, నీళ్లు పోతూనే ఉన్నాయి. గోడ అవతల కాలువలో చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఇన్నేళ్లూ ఆ చప్పుడు వానలో భాగమనుకున్నాను.

ఆదివారం సుగుణ వచ్చింది. నిజం చెప్పనా, సంచి కూడా తెచ్చుకుంది, నా బట్టలు సర్దడానికి. పెరట్లోకి పోయి చెప్పులు విప్పి దడిలోకి అడుగుపెట్టింది. అటూ ఇటూ నడిచింది. కోళ్లు ఊక గెలుకుతూ దాని కాళ్ల చుట్టూ తిరిగాయి. అరికాలు ఎత్తి చూసుకుంది. తడి లేదు.

"నిన్న అంత వాన పడినాది గదా... నువ్వు ఎప్పుడూ అన్నట్టే, మన పెరటి నేల మంచిది నాన్నా" అంది.

"నేల కాదమ్మా" అన్నాను. "మీ అమ్మ."

రోలు జరిపి కన్నం చూపించాను. పీచు ఉండ తెచ్చి చేతిలో పెట్టాను. ముందు అర్థం కాలేదు దానికి. తర్వాత ఆ ఆకుపచ్చ అంచు గుర్తుపట్టింది. మెట్టు మీద కూర్చుని దాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది. అంతా మొదటి నుంచి చెప్పాను, నా పన్నెండు బస్తాల ఇసుక గొప్పతో సహా. ఏడుస్తూ నవ్వింది నీ కూతురు. నన్ను గాజువాక రమ్మని మళ్లీ అనలేదు. సంచిలో బట్టలకు బదులు ఎనిమిది గుడ్లు పెట్టిచ్చాను.

అదీ సంగతి. మణికట్టు నయమైంది. కోళ్ల కాళ్లు కూడా నయమయ్యాయి, బేసిను పని లేదు. అయినా సాయంత్రం ఆ వేళకి నల్ల పెట్ట వచ్చి ఒళ్లో కూర్చుంటుంది, దిగమంటే దిగదు. నాకూ బాగానే ఉంది. ఇంట్లో ఎవరో ఉన్నట్టే ఉంది.

చుక్కల పెట్ట గురించి చెబుతానన్నాను కదా. పొదుగుకు కూర్చుంది! తొమ్మిది గుడ్లు వేశాను, బేసి సంఖ్యే, నువ్వు వేసేటట్టే. గంపలో ఊక, కింద బూడిద, మూల పొడిగా ఉన్నచోట. ఇవాళ్టికి పద్నాలుగో రోజు. దగ్గరికి పోతే ఒళ్లంతా ఉబ్బించి గుర్రుమంటుంది, నిద్రలో నీ దుప్పటి లాగితే నువ్వు చేసేదానివే, అచ్చం అదే.

పీచు ఉండను వంటింట్లో క్యాలెండరు మేకుకు తగిలించాను. జనవరిలో నేల ఎండాక నా చేత్తోనే పెడతాను. మళ్లీ మొదటి మబ్బుకి తీస్తాను. ఆ చీర అంచు మార్చను.

ఇంకొకటి కూడా. ఇక మీదట ఎవరొచ్చి మన పెరడు చూసి మెచ్చుకున్నా, నేల పేరు చెప్పను. నీ పేరు చెబుతాను. నిన్న పాల మనిషితో మొదలుపెట్టాను.

నీ
ఆశీర్వాదం